మండపమునకు తాళము పడు నెలలు

మన సంఘపు కల్యాణమండపము మాఘ ఫాల్గుణములందును, వైశాఖ శ్రావణములందును మంచి ముహూర్తమునకు ఖాళీగా దొరకదు. ఒకే దినమునకు ముగ్గురు నలుగురు వచ్చి అడుగుటయు, దొరకనివారు అలిగి పోవుటయు సభ్యులెరిగినదే. ఆషాఢము వచ్చెనా, తలుపు తీయువాడు లేడు. భాద్రపదము, పుష్యము నంతే. గురు శుక్ర మూఢములు వచ్చినప్పుడు పంచాంగమే మండపమునకు తాళము వేయుచున్నది. కాని కావలివాని జీతమునకు మూఢము లేదు. కరెంటు బిల్లునకు శూన్యమాసము లేదు. వెల్లవేత, పైకప్పు మరమ్మతు, నీటి మోటారు, పన్ను ఇవన్నియు రైతులు కూడబెట్టిన సొమ్ములోనుండియే పోవుచున్నవి. ఎరువుల గిడ్డంగి ఆర్జించినది మండపము తినుచున్నదని మహాజన సభలో సభ్యులు ఆక్షేపించుట న్యాయమే.

అద్దె తగ్గించినచో బుకింగులు పెరుగునని కొందరు సూచించిరి. మాకది సరిగా తోచలేదు. ముహూర్తపు దినములలో తగ్గించినచో వచ్చెడి రాబడి పోవును. మూఢములో తగ్గించినను, ముహూర్తము చూచువాడు పెండ్లి చేయడు గదా! గోడలకు ప్రకటనలు అంటించినను, వాట్సాపులో పంపినను ఫలమింతియే. కావున మూఢమును పాటింపనివారెవరు, వారు మన మండపమునకేల వచ్చుట లేదు అని యోచించితిమి.

మన గ్రామమునందలి క్రైస్తవ కుటుంబములకు పెండ్లికి పంచాంగముతో పని లేదు. ముస్లిము సోదరులదియు చాంద్రమానమే గాని, వారికి అధికమాసము లేదు. వారి సంవత్సరము 354 లేక 355 దినములు. మనకు అధికమాసము వచ్చినప్పుడెల్ల వారి నెలలు మన నెలలకు ఒక నెల ముందుకు వచ్చును. ఆ విధముగా వారికి పెండ్లిండ్లు జరుగు నెల కొన్నియేండ్లు మన ఆషాఢమునను, మరికొన్నియేండ్లు భాద్రపదమునను పడుచుండును. మనకు తలుపులు మూసిన దినములే వారికి వేడుక దినములు. బారసాల సైతము బిడ్డ పుట్టిన దినమునుబట్టి వచ్చునుగాని మూఢము తొలగువరకు ఆగునది కాదు.

మరి వారేల రారు? చెప్పుటకు సిగ్గుగానున్నను చెప్పవలసియున్నది. బుకింగు పుస్తకమును తాళపుచెవియు చాల కాలము ఒక పెద్దమనిషి యింటనుండెను. పేటనుండి వచ్చిన వాడు ఆ యింటి గుమ్మము వెలుపల నిలువవలెను. ఏ దినము కావలెనని అడుగుటకు ముందు, ‘ఎవరి పెండ్లి, ఏ పేట?’ అను ప్రశ్న వచ్చెడిది. పిమ్మట ‘ఆ దినము ఇదివరకే ఇచ్చితిమి’ అను జవాబు. లేదని ముఖమున చెప్పినవారు లేరు. మేము పుస్తకము తిరగవేసి చూడగా, ఇచ్చితిమన్న దినముల పుటలు తెల్లగానున్నవి. ఆ తండ్రులు పట్టణమునకు పోయి, ఎక్కువ అద్దె యిచ్చి, లారీలలో చుట్టములను తరలించి పెండ్లి చేసిరి. వారిలో మన సంఘమున వాటాలుగలవారును కలరు. తమ వాటాసొమ్ము పడిన గోడల నడుమ తమ బిడ్డకు పీట వేయజాలకపోయిరి.

రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. ఈ విషయమున 1955లో వచ్చిన చట్టము 1976 సవరణచే పౌరహక్కుల రక్షణ చట్టమను పేర నేటికిని అమలులోనున్నది. అయినను చట్టమునకు వెరచి తలుపు తీయుట వేరు, ఇది వారిదియునని తీయుట వేరు.

ఇపుడు పుస్తకము సంఘపు ఆఫీసు బల్లపైనున్నది. ఎవరైనను తెరచి చూడవచ్చును. ముందుగా బయానా కట్టి రసీదు పుచ్చుకొన్నవారిదే దినము. పాలకవర్గ సభ్యునికైనను ఇదియే నియమము. అద్దె, గుండిగల కిరాయి, జనరేటరు డీజిలు ఖర్చు గోడపై వ్రాయించితిమి. కరెంటు మీటరు అంకెను తాళమిచ్చునప్పుడును, తిరిగి తీసికొనునప్పుడును ఇరుపక్షములవారు చూచి సంతకము చేయవలెను. (గుండిగల లెక్క తప్పుట మాత్రము ఏ కులము పెండ్లిలోనైనను తప్పుట లేదు.) ఖాళీ దినములలో విత్తనముల సభలకును, వ్యవసాయ శిక్షణలకును తక్కువ అద్దెకిచ్చుచున్నాము.

తేలని చిక్కు వంటశాలది. మాంసము వండరాదను నియమమున్నంతవరకు పైన చెప్పిన కుటుంబములలో పెక్కురు రారు. నియమము తీసివేసినచో ఇపుడు వచ్చువారిలో కొందరు వెనుదీయుదురు. రెండు పక్షముల మాటయు తోసివేయదగినది కాదు. వెనుకనున్న ఖాళీస్థలమున వేరుగా రేకుల షెడ్డు, వేరు పొయ్యిలు, వేరు పాత్రలు ఏర్పరచుట మేలని మా అభిప్రాయము. పెద్దకర్మ భోజనములకును ఆ షెడ్డే ఉపకరించును. పెండ్లి వేదికపై కర్మలు కూడవనువారికి పేచీ యుండదు. ఖర్చు అంచనాను రాబోవు మహాజన సభలో ఉంచెదము. సభ్యులు తప్పక వచ్చి తమ మాట చెప్పవలెను. పేటల సభ్యులకు కార్యదర్శి స్వయముగా పోయి నోటీసు అందజేయును.