మెమొరీ క్రమం

ఒకే మెమొరీని పంచుకొను అనేక ప్రాసెసర్లలో ఒకటి చేసిన వ్రాతలు, పఠనాలు మిగతావాటికి ఏ వరుసలో కనిపిస్తాయో నిర్ణయించే నియమాలను మెమొరీ క్రమం అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ రచనలో మిక్కిలి క్లిష్టమైన అంశాలలో ఇది ఒకటి.

తాళము

1916లో ప్రారంభమైన తెనాలి–రేపల్లె శాఖ ఒంటి రైలుమార్గం. అట్టి మార్గంలో ఒకే భాగంలోనికి రెండు బండ్లు ఎదురెదురుగా రారాదు. కెర్నెల్‌లో ఈ కట్టడిని చేసేది లాక్, అనగా తాళం. 1960వ దశకంలో డైక్‌స్ట్రా రూపొందించిన ఇట్టి సాధనానికి రైల్వే సిగ్నలు పేరైన సెమాఫోర్ అనే పేరే పెట్టాడు. లినక్స్ 2.0 (1996) కెర్నెల్ మొత్తానికి ఒకే పెద్ద తాళం వాడింది. ఒక ప్రాసెసరు లోపల ఉండగా మిగిలినవి వేచి ఉండవలసి రావడంతో దానిని క్రమంగా చిన్న తాళాలుగా విడదీశారు. 2011లో అది పూర్తిగా తొలగింది. వేగం కోసం కొన్నిచోట్ల తాళమే లేకుండా వ్రాస్తారు. చిక్కంతా అక్కడే.

వరుస తప్పుట

తెనాలిలోని ఒక కార్యాలయం సవరించిన మార్కుల జాబితాను రైలులో బాపట్లకు పంపి, వెంటనే రేపల్లెకు ఫోను చేసి "కొత్త జాబితా బాపట్లలో ఉన్నది" అని చెప్పిందనుకొందాము. ఫోను ముందు చేరుతుంది, రైలు తరువాత. రేపల్లెవారు బాపట్లను అడిగితే పాత మార్కులే వస్తాయి. తెనాలివారు పనులు సరైన వరుసలోనే చేశారు, అయినా ఫలితం తప్పు. ప్రాసెసరులో వ్రాతలు తాత్కాలికంగా నిలిచే స్టోర్ బఫర్ ఈ రైలు వంటిది.

దీనికి మందు మెమొరీ బారియర్. బాపట్ల నుండి రసీదు అందేవరకు తెనాలి ఫోను చేయరాదు. ఇది ఒక వైపు మాత్రమే. రేపల్లెవారు తొందరపడి ఫోను రాకముందే జాబితా తెప్పించుకొని ఉంచుకొంటే, రసీదు నియమం ఉన్నా పాతదే చదువుతారు. కనుక చదివేవైపు కూడా బారియర్ కావాలి. క్రొత్తవారు మరచేది తరచుగా ఈ రెండవదానినే. తాళాలలో బారియర్లు ఇమిడియే ఉంటాయి కాబట్టి, తాళం సరిగా వాడేవారికి ఈ బాధ లేదు.

ప్రాసెసర్ల తేడాలు

ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణ వ్రాతలు వరుస తప్పవు. ఒక వ్రాతను దాని తరువాతి పఠనం దాటిపోవచ్చును. ఏ.ఆర్.ఎం. ప్రాసెసర్లలో వ్రాతలు కూడా తారుమారు కావచ్చును. అందువలన ఇంటెల్ యంత్రంపై ఏళ్ళ తరబడి నడిచిన లోపభూయిష్టమైన ప్రోగ్రాము, ఏ.ఆర్.ఎం. వాడే సెల్‌ఫోనులో ఎప్పుడో ఒకసారి డేటాను పాడుచేయవచ్చును. మరల పరీక్షిస్తే ఆ తప్పు కనిపించకపోవచ్చును. ఇట్టి లోపాలను గణితపద్ధతిలో పరిశీలించుటకు 2018లో లినక్స్ 4.17లో ఒక మెమొరీ నమూనాను చేర్చారు.