మూడో వరసలోంచి స్కార్పియో

1940 వేసవిలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు పిలుపు పంపింది. నాలుగు చక్రాలూ ఇంజను బలంతో తిరిగే తేలికపాటి బండి కావాలి, నమూనా 49 రోజుల్లో సిద్ధం కావాలి. ఆ గడువును నిలబెట్టుకున్నది బాంటమ్ అనే చిన్న కంపెనీ ఒక్కటే. కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు రూపకల్పన చేసిన బండిని సెప్టెంబరు 23న సైన్యానికి అప్పగించింది. తర్వాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఆ బండికి మెరుగులు దిద్ది, యుద్ధం ముగిసేలోగా 6 లక్షలకు పైగా తయారుచేశాయి. అదే జీపు. సైన్యం అడిగిన లక్షణాల్లో బరువు ఉంది, ఎత్తు ఉంది, మోయాల్సిన సరుకు ఉంది. అమ్మమ్మ ఎక్కగలగాలని గానీ, పిల్లలకు వాంతులు కాకూడదని గానీ ఎవరూ అడగలేదు. అడగాల్సిన పనీ లేదు.

ఇవాళ మన ఇళ్ల ముందు ఆగుతున్న మొరటు ఏడు సీట్ల ఎస్‌యూవీల చిక్కంతా ఇక్కడే మొదలైంది. యుద్ధానికి పుట్టిన చట్రం మీద సంసారాన్ని ఎక్కించే ప్రయత్నం 80 ఏళ్లుగా సాగుతోంది. అది ఎంతవరకు ఫలించిందో చూడాలంటే మహీంద్రా స్కార్పియో కంటే మంచి ఉదాహరణ మన దేశంలో లేదని నా నమ్మకం.

1945 అక్టోబరు 2న లుధియానాలో జగదీశ్ చంద్ర, కైలాశ్ చంద్ర అనే మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం మొహమ్మద్ కలిసి ఉక్కు వ్యాపారం మొదలుపెట్టారు. కంపెనీ పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. రెండేళ్లలో దేశం విడిపోయింది. గులాం మొహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు, ఆ తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. ఇక్కడి కంపెనీ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకుంది. ఆ ఏళ్లలోనే బొంబాయి మజగావ్‌లో విల్లీస్ జీపుల విడిభాగాలను తెప్పించి బిగించడం మొదలైంది. కలెక్టరుకు, పోలీసుకు, అటవీ శాఖకు, నీటిపారుదల ఇంజనీరుకు చాలా కాలం బండి అంటే జీపే.

ఆ జీపులోకి ఇల్లూ ఊరూ ఎక్కింది మాత్రం దాని పొడవాటి రూపాల్లో. పాడేరు, చింతపల్లి వైపు ఏజెన్సీ సంతలకు వెళ్లే సర్వీసు జీపులు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. డ్రైవరు పక్కన ముగ్గురు, వెనక ఎదురెదురు బెంచీల మీద మోకాలికి మోకాలు తగులుతూ ఎందరు పడితే అందరు, బయట వేలాడేవాళ్లు మరికొందరు. మూడో వరస సీటుకు మన దేశంలో మూలపురుషుడు ఆ బెంచీయే. పక్కకు తిరిగి కూర్చున్న మనిషిని బ్రేకు వేసినప్పుడు ఆపడానికి పక్కన ఏమీ ఉండదు. నడుము అడ్డంగా వంగుతుంది, వెన్నెముక అంతగా ఓర్చుకోలేని వంపు అది. ఇంత తెలిసీ ఆ బెంచీని చాలా కాలం వదల్లేకపోయాం.

2002 జూన్‌లో వచ్చిన మొదటి స్కార్పియో జీపు వంశంలో పెద్ద మలుపు. అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేసి 1993లో మహీంద్రాకు వచ్చిన పవన్ గోయెంకా నాసిక్‌లో పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. సుమారు 600 కోట్ల రూపాయల్లో కొత్త బండిని తయారుచేశారు. అంతర్జాతీయ కంపెనీలు ఒక కొత్త మోడల్‌కు పెట్టే ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ. ప్రతి భాగాన్నీ తామే గీసి ఇవ్వకుండా, అది ఏ పని ఎంత బాగా చేయాలో చెప్పి, గీసే పనిని సరఫరాదారులకే అప్పగించారు. భారతీయ ఇంజనీర్లు ఇంత తక్కువ డబ్బుతో అంత ధైర్యం చేయడం నాకు ఇప్పటికీ గర్వంగానే అనిపిస్తుంది. అయినా చాలా రకాల్లో వెనక పక్కచూపు సీట్లు అలాగే మిగిలాయి. 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకు ఢీకొట్టించి చూసింది. వచ్చిన నక్షత్రాలు సున్నా.

ఆరేళ్ల తర్వాత, 2022 జూన్‌లో స్కార్పియో ఎన్ వచ్చింది. పుణె దగ్గరి చాకన్‌లో తయారవుతుంది. పాతదానికి స్కార్పియో క్లాసిక్ అని పేరు మార్చారు. జూలై 30న బుకింగులు తెరిస్తే అరగంటలో లక్ష దాటాయి. ఆ లక్షమంది బుక్ చేసిన యంత్రం లోపల ఏముందో విప్పి చూద్దాం.

అడుగున రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డపట్టీలు. నేల మీద పడుకోబెట్టిన నిచ్చెనలా ఉంటుంది కాబట్టి దీన్ని లాడర్ ఫ్రేమ్ అంటారు. ఇంజను, గేరుబాక్సు, ఇరుసులు అన్నీ దీనికే బిగిస్తారు. మనం కూర్చునే గదిని రబ్బరు దిమ్మల మీద ఆనించి పైన అమరుస్తారు. ఒక చక్రం గుంటలో దిగి, ఎదురు మూల చక్రం గట్టు మీదికి లేచినప్పుడు బండిని మెలితిప్పే బలమంతా ఈ చట్రం తీసుకుంటుంది. తలుపులు బిగుసుకుపోవు, అద్దాలు పగలవు. మామూలు కార్లలో విడిగా చట్రం ఉండదు, శరీరమే చట్రం. అది తేలిక, నేలకు దగ్గర, తారు రోడ్డు మీద కుదురు. నిచ్చెన చట్రం పైన గదిని పెట్టాలి కనుక గది నేల ఎత్తు పెరుగుతుంది. ఈ ఎత్తు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

విల్లీస్ జీపు ఇంజను సామర్థ్యం 2.2 లీటర్లు. బార్నీ రూస్ అనే ఇంజనీరు సానబెట్టిన ఆ పెట్రోలు ఇంజను 60 హార్స్‌పవర్ ఇచ్చేది. స్కార్పియో ఎన్ డీజిల్ ఇంజను కూడా 2.2 లీటర్లే. ఎక్కువ బలమున్న రకాల్లో అది ఇచ్చేది 172 హార్స్‌పవర్‌కు పైనే. చక్రాన్ని తిప్పే బలం, అంటే టార్క్, అప్పట్లో 142 న్యూటన్ మీటర్ల దగ్గర ఉండేది. ఇప్పుడు ఆటోమేటిక్ గేరు రకంలో 400. సిలిండర్ల చోటు పెరగలేదు, అందులోకి వెళ్లే గాలి పెరిగింది. పాత ఇంజను గాలిని పీల్చుకున్నంత పీల్చుకుని ఆరున్నర రెట్లు మాత్రమే నొక్కేది. ఇప్పుడు పొగగొట్టంలో వృథాగా పోయే వేడిగాలి టర్బో చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం బయటి గాలిని బలవంతంగా లోపలికి తోస్తుంది. డీజిల్ చాలా ఎక్కువ ఒత్తిడితో సన్నని తుంపరగా పడుతుంది.

ఇక నాలుగు చక్రాల సంగతి. దీని గురించి ఒక అపోహ బాగా పాతుకుపోయింది. బురదలో ఒక చక్రం గిర్రున తిరుగుతుంటే బలమంతా దానికే పోతోందని చెబుతారు. నిజానికి మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ తిప్పే బలాన్ని ఎప్పుడూ సమానంగానే పంచుతుంది. జారుతున్న చక్రానికి పట్టు లేదు, కాబట్టి అది కొంచెం బలాన్నే తీసుకోగలదు. సమానంగా పంచాలన్న నియమం వల్ల గట్టినేల మీద ఉన్న రెండో చక్రానికీ ఆ కొంచెమే దక్కుతుంది. రెండింటికీ చాలక బండి కదలదు. దీనికి విరుగుడుగా స్కార్పియో ఎన్ ఫోర్ వీల్ డ్రైవ్ రకంలో వెనక ఇరుసుకు యాంత్రిక తాళం పెట్టారు. రెండు చక్రాల వేగాల్లో తేడా హద్దు దాటగానే అది తనంతట తానే పడి, రెంటినీ ఒకే వేగంతో తిప్పుతుంది. ముందు ఇరుసుకు తాళం లేదు. అక్కడ జారే చక్రానికి కంప్యూటరు బ్రేకు వేసి, రెండోదానికి బలం అందేలా చేస్తుంది. వీటికి తోడు ట్రాన్స్‌ఫర్ కేసులో ఒక లో గేరు ఉంది. వేగం తగ్గించి బలం పెంచే ఆ గేరులో నిటారు రాళ్ల దారిని మనిషి నడక కంటే నెమ్మదిగా ఎక్కవచ్చు.

కొత్తగా కొన్నవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఈ బండిలో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. ఫోర్ వీల్‌లో పెట్టి పొడి తారు రోడ్డు మీద మలుపు తిప్పితే ఆ తేడా పోవడానికి దారి లేక, గేర్లలో మెలికగా పేరుకుంటుంది. భాగాలు అరుగుతాయి. జారే నేల మీద చక్రాలు కాస్త జారి ఆ మెలికను వదిలించుకుంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. తారు మీదికి రాగానే టూ వీల్‌కు మార్చేయాలి.

ఈ సరంజామా ఒక కుటుంబానికి అవసరమా అంటే, అది మీ ఊరి దారిని బట్టి ఉంటుంది. బండి విడుదలైనప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్‌కు సుమారు రెండున్నర లక్షలు అదనం, అదీ డీజిల్‌లోనే. కర్నూలు, ఆదిలాబాద్ నల్లరేగడిలో ఒక వాన పడ్డాక పొలం దారి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ డబ్బు వృథా అనిపించదు. అయితే రోడ్డు టైర్లతో నల్లరేగడిలోకి దిగితే వాటి గాడులు బంకమట్టితో పూడుకుపోయి టైరు నున్నగా మారుతుంది. పట్టు లేని చోట నాలుగు చక్రాలు తిరిగినా ఫలితం లేదు. నా మాటగా చెప్పాలంటే, కొందరికి ఫోర్ వీల్ డ్రైవ్ కంటే ముందు మంచి టైర్లు అవసరం.

వెనక ఇరుసు దగ్గర ఇంకో అందమైన పనితనం ఉంది. అది జేమ్స్ వాట్‌ది. ఆవిరి యంత్రంలో ఊగే దూలానికి, నిటారుగా కదలాల్సిన కడ్డీకి పొత్తు కుదర్చడానికి ఆయన 1784లో మూడు కడ్డీల అమరిక ఒకటి కనిపెట్టారు. మిగతా తన యంత్రాలన్నింటి కంటే దానికే ఎక్కువ గర్వపడతానని తర్వాత చెప్పుకున్నారు. స్కార్పియో ఎన్ వెనక ఇరుసును పక్కకు కదలకుండా పట్టి ఉంచేది అదే సూత్రం. ఆ పనికి ఒకే అడ్డకడ్డీ వాడితే, ఇరుసు పైకీ కిందికీ కదిలిన ప్రతిసారీ వంపు దారిలో కాస్త పక్కకూ జరుగుతుంది. వాట్ అమరికతో దాదాపు నిటారుగా లేచి దిగుతుంది. ఈ తేడా డ్రైవరుకు కొద్దిగా తెలుస్తుంది. ఎక్కువ తెలిసేది వెనక ఇరుసు మీదే కూర్చున్న మూడో వరస వాళ్లకు.

ఇప్పుడు ఆ ఎత్తు నేల దగ్గరికి వద్దాం. బండి పొడవు 4,662 మిల్లీమీటర్లు, ఇరుసుల మధ్య దూరం 2,750. నిలువుగా అమర్చిన ఇంజను ముందు చాలా చోటు తినేస్తుంది. మూడో వరస సీటు కింద దూలాలు, ఇరుసు, డిఫరెన్షియల్ ఉన్నాయి. నేల పైకి లేచింది, పైకప్పు మాత్రం లేవలేదు. కాబట్టి సీటును నేలకు దగ్గరగా పెట్టాల్సి వచ్చింది. పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు ఛాతీ వైపు లేస్తాయి, తొడల కింద ఆనుకోవడానికి ఏమీ మిగలదు. 2022 బండిలో అక్కడ ఏసీ గాలి వచ్చే రంధ్రాలు కూడా లేవు. మే నెల విజయవాడలో అది చిన్న లోపం కాదు. ఘాట్ రోడ్డులో పిల్లలకు కడుపులో తిప్పడానికి కారణం కూడా ఈ చోటే. లోపలి చెవి ఊపును చెబుతుంది, ముందు సీటు అడ్డుగా ఉన్న కంటికి దారి కనిపించదు. మెదడుకు రెండు సాక్ష్యాలు పొసగవు. ఇంజను అడ్డంగా పెట్టి, ముందు చక్రాలనే తిప్పే ఇన్నోవా హైక్రాస్‌లో ఇరుసుల మధ్య దూరం 2,850. వెనకకు వెళ్లే తిరుగుడు కడ్డీ లేదు, నేల కిందికి దిగింది, మూడో వరస మనుషులకు సరిపోయింది. అది గుంటల్లోకి దిగదు. రెండింటినీ ఒకే బండి నుంచి అడగడం పొరపాటు.

మూడో వరస వాడితే సామాన్లకు చోటుండదు. సామాను పైకప్పు క్యారియర్ మీదికి ఎక్కుతుంది. బండి ఎంత తేలిగ్గా బోర్లా పడుతుందన్నది దాని చక్రాల మధ్య వెడల్పుకూ గరిమనాభి ఎత్తుకూ మధ్య ఉన్న నిష్పత్తి చెబుతుంది. పైన పెట్టిన ప్రతి పెట్టె ఆ ఎత్తును పెంచుతుంది. పెళ్లికి వెళ్లేటప్పుడు బియ్యం బస్తా పైన, దిండ్లు కింద పెట్టేవాళ్లను చూస్తే భయమేస్తుంది. బరువైనవి కిందే ఉండాలి.

భద్రత విషయంలో రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చదవాలి. 2022 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ స్కార్పియో ఎన్‌కు పెద్దల రక్షణలో 5 నక్షత్రాలు, పిల్లల రక్షణలో 3 ఇచ్చింది. సున్నా నుంచి అయిదుకు రావడం సామాన్యం కాదు, చట్రం, శరీరం నిజంగా గట్టిపడ్డాయి. ఏడాది తర్వాత ఆస్ట్రేలియా సంస్థ ఆన్‌క్యాప్ అదే బండికి సున్నా ఇచ్చింది. ప్రమాదాన్ని పసిగట్టి తనే బ్రేకు వేసే ఏర్పాటు, రోడ్డు మీద లేన్ తప్పకుండా చూసే ఏర్పాటు, వెనక సీట్లవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే హెచ్చరించే ఏర్పాటు లేవని చెప్పింది. ఒక సంస్థ ఢీకొన్నాక ఏమవుతుందో ఎక్కువగా చూసింది, రెండోది ఢీకొనకుండా ఏం చేశారనీ అడిగింది. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. తనే బ్రేకు వేసే ఏర్పాటు 2025లో మన దేశంలో పై ధర రకానికి వచ్చింది. ప్రాణం కాపాడే పరికరం పై ధర దగ్గరే ఆగిపోవడం నాకు నచ్చలేదు.

నలుగురున్న ఇల్లు, అప్పుడప్పుడు ఇద్దరు పిల్లలు అదనం, ఏటా కొన్ని నెలలు బురద దారి ఉంటే ఫోర్ వీల్ డ్రైవ్ స్కార్పియో ఎన్ డబ్బుకు తగ్గ బండి. ఆరేడుగురు పెద్దవాళ్లతో తరచూ తిరుమలో అరకో వెళ్లే ఇంటికి ఇది సరైనది కాదు. కొనే ముందు షోరూముకు ఇంటిల్లిపాదీ వెళ్లండి. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను మూడో వరసలోకి వాళ్లంతట వాళ్లే ఎక్కమనండి. అక్కడ మీరూ కూర్చుని, గతుకుల దారిలో అరగంట నడిపించమని అడగండి. పిల్లల సీటు పెట్టేవాళ్లయితే, మూడో వరసకు దారి ఇచ్చే సీటు మీద కాకుండా పక్కదాని మీద బిగించి చూడండి. ఇంత చేశాకే అడ్వాన్సు కట్టండి.