క్లచ్ కాలితే కోత ఎవరి జీతంలో?

ఇసుకలో కూరుకుపోయిన బండి దగ్గరికి వెళ్తే కంటి కంటే ముందు ముక్కుకే సంగతి తెలుస్తుంది. గోనెసంచీ, రబ్బరూ కలిపి కాల్చినట్టు ఒక ఘాటైన వాసన. గల్ఫ్‌లో ఎడారి సైట్లలో పనిచేసిన వాళ్లెవరికైనా ఈ వాసన కొత్త కాదు. ఆ వాసన వెనకాల ఒక డ్రైవర్ జీతం కూడా కాలుతోందని మాకు మాత్రం ఆలస్యంగా తెలిసింది.

సౌదీ తూర్పు ప్రాంతంలో, హోఫుఫ్ దాటి దక్షిణంగా రుబ్ అల్ ఖాలీ ఎడారి అంచున కరెంటు టవర్ల పునాదుల పని. ఆగస్టు నెల. ఎండాకాలంలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్నది ఇక్కడి నిబంధన. అందుకే 12 లోపు సిమెంటు చేరాలని తొందర. పదిన్నరకి జగిత్యాల వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు పికప్‌లో 30 బస్తాలు వేసుకుని బయల్దేరాడు. వేయమన్నది మేమే. లోడ్ స్లిప్ మీద సంతకం కూడా మాదే.

పావుతక్కువ పన్నెండుకి ఫోన్ వచ్చింది. "అన్నా, ఇంజన్ మొత్తుకుంటుంది గనీ బండి కదుల్తలేదు. ఏందో కాలిన వాసనొస్తుంది."

క్యాంపు నుంచి 14 కిలోమీటర్లు. ఇంకో బండి ఖాళీ అయి మేము వెళ్లేసరికి గంటన్నర పట్టింది. వాడు బండి కింద నీడలో పడుకుని ఉన్నాడు. రెండు సీసాల నీళ్లలో ఒకటిన్నర అయిపోయాయి. మమ్మల్ని చూడగానే వాడు అడిగిన మొదటి మాట నీళ్ల గురించి కాదు. "నా జీతంల కోస్తరా అన్నా?" అని.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

అరబ్బులు 'షాస్' అని పిలిచే ల్యాండ్ క్రూయిజర్ పికప్ మన వాళ్లలో చాలామందికి పరిచయమే. మా సైటులోది పాత బండి. 4.2 లీటర్ల డీజిల్ ఇంజన్, ఐదు గేర్లు, మొండి బండి. ఈమధ్య ఆటోమేటిక్‌లు వస్తున్నా మా చుట్టుపక్కల సైట్లలో మాన్యువల్ బండ్లే ఎక్కువ. ఇంజన్ ఎంత మొండిదైనా, మధ్యలో ఉండే క్లచ్ ప్లేటు మాత్రం సున్నితమే.

ఇంజన్ వెనక తిరిగే ఫ్లైవీల్‌కీ, ప్రెషర్ ప్లేటుకీ మధ్య క్లచ్ ప్లేటు బిగించి ఉంటుంది. పెడల్ మీద కాలు తీస్తే గట్టిగా పట్టుకుంటుంది. పూర్తిగా తొక్కితే వదిలేస్తుంది. ఈ రెంటికీ మధ్య, అంటే 'హాఫ్ క్లచ్'లో, పట్టీ పట్టకుండా రాసుకుంటుంది. చలికాలంలో అరచేతులు రుద్దుకుంటే వేడి పుట్టినట్టే ఇదీ. కాకపోతే ఇక్కడ రుద్దేది ఇంజన్ బలం. ప్లేటు ఉండేది మూసి ఉన్న డబ్బాలాంటి హౌసింగ్‌లో. గాలి సరిగా తగలదు. వేడి ఎక్కువైతే ప్లేటు మీది పూత పట్టు తప్పుతుంది, పట్టు తప్పితే ఇంకా జారుతుంది, జారితే ఇంకా వేడెక్కుతుంది. ఒకసారి ఈ చక్రంలో పడ్డ ప్లేటు నిమిషాల్లో పాడవుతుంది.

డిప్లొమాలో చదువుకున్న లెక్క ఒకటి ఇక్కడ పనికొచ్చింది. చదునైన నేల మీద బండి కదిలేటప్పుడు క్లచ్‌లో పుట్టే వేడి రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి బండి మొత్తం బరువు. రెండోది, క్లచ్ పూర్తిగా పట్టుకునే సమయానికి బండి అందుకోవాల్సిన వేగం. బరువు రెట్టింపైతే వేడి రెట్టింపు. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఖాళీ బండి బరువు సుమారు 2 టన్నులు. మేము వేయించిన 30 బస్తాలు 1500 కిలోలు. దానికి తోడు మెత్తటి ఇసుక చక్రాలను వెనక్కి లాగుతుంది. వేడి ఎంత పెరుగుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే 4ఎల్ లివర్ ఉంది. లో రేంజ్ వేస్తే అదే గేర్లో చక్రాల వేగం సుమారు రెండున్నర రెట్లు తగ్గుతుంది. అంటే పై లెక్క ప్రకారం కదిలేటప్పుడు పుట్టే వేడి దాదాపు ఆరో వంతుకి పడిపోతుంది. ఒక్క లివర్‌తో ఇంత తేడా! మన కుర్రాడు వేసింది 4హెచ్, మొదటి గేరు. ఊళ్లో ట్రాక్టర్ మీద నేర్చుకున్నవాడు. 4ఎల్ ఎప్పుడు వేయాలో వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్లలో మేమూ ఉన్నాం.

సనాయియాలో బయటపడిన సంగతి

బండిని లాక్కుపోయి సనాయియాలో ఒక షెడ్డులో పెట్టారు. గేర్‌బాక్స్ దింపేటప్పుడు మాలో ఇద్దరం కావాలనే దగ్గర నిలబడ్డాం. ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయింది. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, వెంట్రుకల్లాంటి సన్నటి పగుళ్లు. ఇదంతా ఒక్క రోజులో జరిగింది కాదని మిస్త్రీ చెప్పాడు. మచ్చలు కొన్ని కొత్తవి, అరుగుదల పాతది.

తర్వాత వాడు పెడల్ చూపించాడు. వేలితో నొక్కితే పెడల్ మొదట్లో కొంచెం వదులుగా ఆడాలి. ఇది ఆడలేదు. అంతకు ఆర్నెల్ల ముందు మాస్టర్ సిలిండర్ మార్చినప్పుడు ఎవరో దాని పుష్‌రాడ్‌ని బిగుతుగా వదిలేశారు. అలా ఉంటే సిలిండర్లో నూనె వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఎండకీ, ఇంజన్ వేడికీ నూనె వ్యాకోచించి, ఎవరూ తొక్కకపోయినా క్లచ్‌ని కొద్దిగా తొక్కినట్టే ఉంచుతుంది. అంటే మన కుర్రాడు కాలు పెట్టకముందే బండి హాఫ్ క్లచ్‌లో నడుస్తోంది. సరిచేయడానికి పట్టేది ఒక స్పానరు, పది నిమిషాలు.

ఇసుకలోకి దిగే ముందు

ఆ తర్వాత మా క్యాంపులో డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడుకున్న విషయాలివి. మిగతా చోట్ల ఉన్న మన వాళ్లకీ పనికొస్తాయని రాస్తున్నాం.

గట్టి నేల మీద ఉండగానే 4ఎల్ వేయండి. ఇరుక్కున్నాక వేసే కంటే ముందు వేయడం నయం. మెత్తటి ఇసుకలో లో రేంజ్ రెండో గేర్లో ఎత్తుకుంటే చక్రం తిరిగి గుంత తవ్వడం కూడా తగ్గుతుంది.

టైర్లలో గాలి తగ్గించండి. రోడ్డు మీద 35 పీఎస్ఐ దాకా ఉండే టైరుని ఖాళీ బండికి 15 నుంచి 18 దాకా దించవచ్చు. లోడ్ ఉంటే అంత దించకండి, 20 పైనే ఉంచండి. టైరు వెడల్పుగా పరుచుకుంటే బండి ఇసుక మీద తేలుతుంది, క్లచ్ మీద భారం సగం అక్కడే దిగుతుంది. గాలి తగ్గించాక వేగంగా పోవద్దు, గట్టిగా తిప్పొద్దు. రోడ్డెక్కగానే మళ్లీ నింపాలి. కంప్రెసర్ లేని బండిని ఇసుకలోకి పంపొద్దని మేము ఆఫీసుకి రాసి ఇచ్చాం.

పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు మానండి. ఎత్తు మీద బండిని క్లచ్‌తో ఆపి పట్టుకోకండి, దానికి బ్రేకు ఉంది.

బండి రెండు ప్రయత్నాల్లో కదలకపోతే మూడోసారి రేజ్ చేయొద్దు. దిగి చక్రాల ముందు, బండి కడుపు కింద ఇసుక తోడండి. వచ్చిన దారిలోనే వెనక్కి వెళ్లడం ముందుకు పోవడం కంటే తేలిక. లోడ్ దించడానికి నామోషీ పడొద్దు. 30 బస్తాలు దించి ఎక్కించడం గంట పని.

కాలిన వాసన వస్తే న్యూట్రల్ చేసి పెడల్ మీంచి కాలు పూర్తిగా తీసేయండి. తొక్కి పట్టుకుంటే వేడి ప్లేటులోనే ఉండిపోతుంది. వదిలేస్తే ఫ్లైవీల్ ఆ వేడిని లాక్కుంటుంది. అరగంట ఆగండి.

అనుమానం ఉంటే రోడ్డు మీద ఒక పరీక్ష ఉంది. నాలుగో గేర్లో నెమ్మదిగా పోతూ ఒక్కసారి రేజ్ పూర్తిగా తొక్కండి. శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే పరీక్షే ప్లేటుని తినేస్తుంది.

గట్టి క్లచ్ వేయిస్తే సరిపోతుందా?

"హెవీ డ్యూటీ వేయించండి, మళ్లీ కాలదు" అని షెడ్డులో సలహా ఇచ్చారు. సగం నిజం. హెవీ డ్యూటీ కిట్‌లో ప్రెషర్ ప్లేటు స్ప్రింగు గట్టిగా ఉంటుంది. ప్లేటుని ఎక్కువ బలంతో పట్టుకుంటుంది కాబట్టి లోడ్ మీద జారడం తగ్గుతుంది. కానీ పెడల్ బరువెక్కుతుంది. రోజుకి వందల సార్లు తొక్కే వాడి మోకాలికి అది తెలుస్తుంది. తొక్కిన ప్రతిసారీ ఇంజన్ లోపలి థ్రస్ట్ వాషర్ల మీద కూడా ఒత్తిడి పెరుగుతుంది.

సిరామిక్ బటన్ల ప్లేట్లు ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. కానీ ఒక్కసారిగా పట్టుకుంటాయి, బండి కుదుపుతో ఎత్తుకుంటుంది, ఫ్లైవీల్ త్వరగా అరుగుతుంది. రోజంతా ఆగుతూ కదులుతూ ఉండే సైటు బండికి అవి నప్పవు. కెవ్లార్ పూత వాటికంటే మెత్తగా పడుతుంది, ఎక్కువ కాలం వస్తుంది. కొత్తలో కొన్నాళ్లు మాత్రం జాగ్రత్తగా నడిపి సర్దుబాటు చేసుకోవాలి. మామూలు పనికి కంపెనీ ఇచ్చిన రకం ఆర్గానిక్ ప్లేటే బాగుంటుంది.

ఏది వేయించినా ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చండి. ఫ్లైవీల్ లేత్ మీద చదును చేయించండి, పగుళ్లు లోతుగా ఉంటే మార్చేయండి. పైలట్ బేరింగ్ చవక, అదీ వేయించండి. గేర్‌బాక్స్ దింపే కూలీ ఒకటే, మళ్లీ మళ్లీ దేనికి? పెద్ద టైర్లు వేసిన బండికి గేరు బరువెక్కి క్లచ్ మీద భారం పెరుగుతుందని కూడా గుర్తుంచుకోవాలి. మేము చివరికి వేయించింది అసలు రకం కిట్టే. మార్చింది లోడ్ లెక్కని. తలుపు దగ్గర ప్లేటు మీద రాసిన బరువుకి మించి ఇప్పుడు స్లిప్ రాయడం లేదు.

కాగితం మీద సంతకం పెట్టే ముందు

వారం తర్వాత ఆఫీసు నుంచి అరబ్బీలో కాగితం వచ్చింది. మరమ్మతు, లాగుడు ఖర్చు కలిపి 2600 రియాళ్లు డ్రైవర్ జీతంలో కోత. అందులో ఏముందో తెలియకుండానే కుర్రాడు సంతకం పెట్టేశాడు. 1500 జీతంలో మొదటి నెలే 600 కోశారు. ఆ నెల వాడు ఇంటికి పంపింది 400.

సౌదీ కార్మిక చట్టం 91వ అధికరణ ప్రకారం, కార్మికుడి తప్పు వల్లో, ఆదేశాలు మీరడం వల్లో యంత్రం పాడైతేనే యజమాని మరమ్మతు ఖర్చు కోయవచ్చు. అదీ నెలకి ఐదు రోజుల జీతం మించకూడదు. 1500 జీతానికి అది 250 రియాళ్లు. తప్పు తనది కాదనుకుంటే, ఖర్చు ఎక్కువ వేశారనుకుంటే కార్మికుడు ఫిర్యాదు చేసుకోవచ్చు, కానీ దానికి గడువు 15 పని దినాలే. ముందు సామరస్య పరిష్కారం, అక్కడ తేలకపోతే లేబర్ కోర్టు. రియాద్‌లో మన ఎంబసీ, జెద్దాలో కాన్సులేట్ కూడా కార్మికుల ఫిర్యాదులు తీసుకుంటాయి.

మేము మూడు కాగితాలు జతచేసి ఆఫీసుకి ఇచ్చాం. మిస్త్రీ రాసిచ్చిన రిపోర్టు, పెడల్ ఫొటోలు, మా సంతకంతో ఉన్న లోడ్ స్లిప్. మూడోది ఇవ్వడానికి రెండు రాత్రులు ఆలోచించాం. దాచుకుంటే తప్పు మొత్తం కుర్రాడిదే అయ్యేది. మిగతా కోత ఆగింది. మాకు వార్నింగ్ లెటర్ వచ్చింది. రావాల్సిందే.

కోసిన 600 మాత్రం తిరిగి రాలేదు. ఫిర్యాదు చేద్దామంటే కుర్రాడు ఒప్పుకోలేదు. "అక్కర్లేదన్నా, కాంట్రాక్టు రెన్యువల్ ఉంది" అన్నాడు. మేము నలుగురం తలా 150 వేసి ఇచ్చాం. అది న్యాయం కాదని మాకూ తెలుసు.

అందుకే డ్రైవర్ తమ్ముళ్లకి చెప్పేది ఇదే. బండి తీసుకున్న రోజే పెడల్ ఆట చూడండి, తేడా ఉంటే వాట్సాప్‌లో సూపర్‌వైజర్‌కి రాసి పెట్టండి, ఆ మెసేజ్ చెరపకండి. చదవలేని కాగితం మీద సంతకం పెట్టకండి. ఒక రోజు గడువు అడగండి, చదివే వాణ్ని వెతుక్కోండి. ఎంత దగ్గరైనా సరే, పది లీటర్ల నీళ్లు లేకుండా ఇసుకలోకి దిగకండి.

మాలాంటి సూపర్‌వైజర్లకి ఒకటే మాట. స్లిప్ మీద పెన్ను పెట్టే ముందు బస్తాలు లెక్కపెట్టండి. ఆ కుర్రాడు ఇప్పుడు మా సైటులో కొత్తగా వచ్చిన వాళ్లకి 4ఎల్ నేర్పుతున్నాడు. మేము బస్తాలు రాస్తుంటే పక్కన నిలబడి వాడూ లెక్కపెడతాడు. మేమేం అనం.