సరిహద్దు సీమ పర్లాకిమిడి

తూర్పు కనుమలలోని మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. ఆ గిరిసీమలో పుట్టి, ఆ పేరునే ధరించిన మహేంద్రతనయ అనే ఏరు పర్లాకిమిడిని ఒరుసుకొని పారి వంశధారలో కలుస్తున్నది. పర్లాకిమిడి ఒడిశాలో 1992లో ఏర్పడిన గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం. పొలిమేర దాటితే ఆంధ్రదేశం. కొద్ది దూరంలోనే పాతపట్నం, ఇంకా దక్షిణాన వంశధార ఒడ్డున తూర్పు గాంగుల ఆలయాలు గల శ్రీముఖలింగం. 1900 నుండి ఈ ఊరికి రైలు వచ్చేదీ ఆంధ్ర ప్రాంతపు నౌపడా మీదుగానే. ఏరూ, రైలుదారీ రాష్ట్రపు గీతను పాటించలేదు.

ఈ సీమలో పట్టణాలు తెలుగునూ ఒడియానూ మాటాడగా, కొండలు సవరను మాటాడుతున్నవి. సవర ఈ రెండింటి కుటుంబాలకూ చెందక, ముండా కుటుంబానికి చెందిన భాష. శ్రీముఖలింగానికి సమీప గ్రామంలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి 1880లో ఉపాధ్యాయుడుగా ఇక్కడికి వచ్చి, లిపి లేని ఆ భాషను చెవితో నేర్చుకొన్నారు. సవరల పిల్లలకు బడులు పెట్టినారు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ వెలువడినవి. పలుకుబడిలోనే భాష ప్రాణమున్నదని తెలుగు పండితులతో వాదించినవారు, ఆ సత్యాన్ని కొండవాని నోటినుండి ముందే విని ఉన్నారు.

పలు రాష్ట్రాలలో చెదరిపోయిన ఒడియా వారు తమకొక రాష్ట్రం కోరడం న్యాయమే. పర్లాకిమిడి ప్రభువు కృష్ణచంద్ర గజపతి 1930లో లండను రౌండు టేబిలు సమావేశంలో ఆ కోర్కెను వినిపించినారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు జమీందారీ రెండు ముక్కలై, పట్టణం ఒరిస్సాకు దక్కింది. అందుకు సమ్మతించని గిడుగు, డెబ్బది రెండేండ్ల వయస్సులో, అర్ధశతాబ్ది పైగా నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరినారు. వివాదం ఊరు తెలుగుదా ఒడియాదా అన్నది. సవరలు మాత్రం గీతకు ఇరువైపులా మిగిలినారు.

ఇటలీ సరిహద్దున ఇసోంజో నది ఒడ్డునున్న గొరీజియా కథ దీనికి సన్నిహితం. ఇటాలియను, ఫ్రియూలియను, స్లొవేను, జర్మను భాషలు కలిసి మెలగిన ఊరది. 1947లో సరిహద్దు గీసినప్పుడు ఊరు ఇటలీలో నిలిచింది. తూర్పు శివార్లూ, ఒక రైలుస్టేషనూ యుగోస్లావియాకు పోయినవి. ఆవల 1948లో నోవా గొరీత్సా అనే కొత్త పట్టణానికి పునాది పడింది. ఇటాలియను మాండలికాల శాస్త్రానికి ఆద్యుడైన అస్కోలి 1829లో పుట్టిన ఊరు గొరీజియాయే. ప్రజల నాలుకపై భాష పలు రూపాల బ్రతుకుతుందని సరిహద్దు ఊళ్ళలో పెరిగినవారికి ఒకరు బోధించనక్కరలేదు కాబోలు.

స్టేషను ముంగిట కంచె 2004లో తొలగింది. 2025లో ఆ రెండు పట్టణాలూ కలిసి ఐరోపా సాంస్కృతిక రాజధానిగా ఉత్సవం జరుపుకొన్నవి. గీత అక్కడనే ఉన్నది. దాని అధికారం తగ్గింది.

గిడుగు జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగువారు భాషా దినోత్సవంగా జరుపుకొంటారు. ఆయన కృషి చేసిన ఊరు నేడు ఒడిశాలో ఉన్నది. ఒడియా రచనను ఒడియానుండే తెలుగు చేయగలవారు, సవర పాటను విని వ్రాసుకొనగలవారు తెలుగు రచయితలలో ఎందరు పెరిగితే, ఆ ఊరు అంత దగ్గర అవుతుంది. సరిహద్దును చెరపడం రచయిత పని కాదు. దాటడం అతని పని.