పెన్ డ్రైవు గుర్తు - సంఘపు లెక్కల భద్రత



పూర్వము సంఘపు లెక్క యనిన చిట్టా, ఆవర్జా, రసీదు పుస్తకము. అవి బీరువాలో నుండెడివి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకై కేంద్ర మంత్రివర్గము 2022 జూను 29వ తేదీన 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. సుమారు 63,000 సంఘములు దీని పరిధిలోనికి వచ్చునని నాడు ప్రకటింపబడినది. లెక్క తెరమీదికి వచ్చిన పిదప, దాని నకలును బొటనవ్రేలంత పెన్ డ్రైవులో దాచుట సామాన్యమైనది. మీరు తీర్చిన అప్పు తీరినదని చూపు వ్రాత అందులోనే యుండవచ్చును. కావున ఆ చిన్న వస్తువును గూర్చి మనమందరము కొంత తెలిసికొనవలెను.

విండోస్ కంప్యూటరునకు పెన్ డ్రైవు తగిలించినప్పుడు దాని గుర్తు తెర ముంగిట, అనగా డెస్క్‌టాప్ మీద, తనంతట కనబడదు. విండోస్ గుర్తుగల మీటను, 'ఈ' అక్షరపు మీటను కలిపి నొక్కి, 'దిస్ పీసీ' అను చోట వెదకవలెను. క్రొత్తగా నేర్చుకొనువారు ఇచ్చటనే తడబడుదురు.

దీనికి రెండు ఉపాయములు గలవు. మొదటిది చేతితో చేయునది. 'దిస్ పీసీ'లో డ్రైవు పేరుమీద మౌసు కుడిమీట నొక్కి, 'క్రియేట్ షార్ట్‌కట్' అనుదానిని ఎన్నుకొనిన, ముంగిట ఒక గుర్తు నిలుచును. కాని డ్రైవును తీసివేసినను ఆ గుర్తు అచ్చటనే యుండును. అంతేకాదు, అది డ్రైవునకు గాక, 'ఈ', 'ఎఫ్' వంటి అక్షరమునకు కట్టబడి యుండును. రేపు వేరొక డ్రైవునకు అదే అక్షరము వచ్చిన, అదే గుర్తు దానిని తెరచును. ఈ నెల నకలనుకొని పోయిన నెల నకలుమీద వ్రాయు ప్రమాదము ఇందున్నది. 'డిస్క్ మేనేజ్‌మెంట్'లో ఒక్కొక్క డ్రైవునకు ఒక్కొక్క అక్షరమును స్థిరపరచి, డ్రైవునకు వేరువేరు పేర్లు పెట్టిన ఈ చిక్కు చాలవరకు తొలగును.

రెండవది తనంతట జరుగునది. 'డెస్క్ డ్రైవ్' అను చిన్న ప్రోగ్రాము ఇట్టి పనికే చేయబడినది. డ్రైవు తగిలించగనే ముంగిట గుర్తు పుట్టును, తీసివేయగనే పోవును. మాక్ కంప్యూటరులో 'ఫైండర్' సెట్టింగులందే ఇట్టి యేర్పాటు గలదు. లినక్సులో ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి వానియందును గలదు. గుర్తు ఉన్నచో డ్రైవు ఉన్నది, లేనిచో లేదు అని చూడగనే తెలియుట దీని లాభము. సంఘపు కంప్యూటరులో ఏ ప్రోగ్రామునైనను చేర్చుటకు ముందు, దానిని చూచు అధికారి యనుమతి పొందవలెను.

ఇక ముఖ్య విషయము. గుర్తు వేరు, వస్తువు వేరు. రావులపాలెము కూడలిలో అమలాపురమునకు దారిచూపు పలకను పెరికి యింటికి తెచ్చుకొన్నవాడు అమలాపురమును తెచ్చుకొన్నట్లగునా? షార్ట్‌కట్ కూడ అట్టి పలకయే. తెరమీది ఆవర్జా షార్ట్‌కట్‌ను పెన్ డ్రైవులోనికి లాగి, లెక్క భద్రమైనదని తలచినచో, డ్రైవులో నున్నది పలక మాత్రమే. కంప్యూటరు చెడిననాడు ఆ నకలు శూన్యము. గుర్తు క్రింది మూలలో చిన్న వంపు బాణము సాధారణముగా కనబడును. దానిని చూచి గుర్తింపవలెను. నకలు తీసిన పిదప డ్రైవును వేరొక కంప్యూటరులో తెరచి, లెక్క నిజముగా వచ్చినదా యని చూచుటయే సరియైన పరీక్ష.

దొంగ పలకలును గలవు. కొన్ని వైరసులు పెన్ డ్రైవులోని సంచికలను దాచి, వాని పేర్లతోనే షార్ట్‌కట్‌లను నిలుపును. వానిని తెరచిన వైరసు కంప్యూటరులోనికి ప్రాకును. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అను పురుగు, షార్ట్‌కట్‌ను తెరవకయే, గుర్తు తెరపై కనబడినంతనే సోకునట్లు చేయబడినది. ఆ లోపమును మైక్రోసాఫ్టు ఆ సంవత్సరమే ఆగస్టులో సవరించినది. సంచికలన్నియు ఒక్కసారిగా బాణపు గుర్తులతో కనబడిన, ఒక్కదానినైనను తెరవరాదు. భయపడి ఫార్మాటు చేయనురాదు. తరచుగా అసలు లెక్క దాగియుండునే గాని పోదు. తెలిసినవారిచే శుద్ధి చేయింపవలెను. తీయునప్పుడును తొందర కూడదు. 'ఎజెక్ట్' నొక్కి, సెలవిచ్చిన పిదపనే లాగవలెను. వ్రాయుచుండగా లాగిన వ్రాత చెడును.

మన సీమ గోదావరి పాయలకును సముద్రమునకును నడుమ నున్నది. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు 6వ తేదీ తుపానును చూచినవారికి, కంప్యూటరును నకలును ఒకే గదిలో నుంచుట తగదని వేరుగ చెప్పనక్కరలేదు. రెండు డ్రైవులుండవలెను, ఒకటి వేరొక యూర మిట్టచోట నుండవలెను. రెండింటిని తాళముతో భద్రపరచవలెను. అందున్నవి సభ్యుల సొంత వివరములు.

కావున వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ మూడు ప్రశ్నలు మర్యాదగా అడుగుడు: లెక్కల నకలు ఎన్ని డ్రైవులలో నున్నది? అవి ఎచ్చట నున్నవి? కడపట ఏ తేదీన తెరచి సరిచూచిరి? జవాబులను మినిట్సు పుస్తకమున వ్రాయింపుడు. ఇది కార్యదర్శిని శంకించుట కాదు. ఆయనకు తోడు నిలుచుటయే.