వీడియో ఆటలలో ధ్వనికి స్థానము

వీడియో ఆటలను గూర్చి ముచ్చటించునప్పుడు మనము సాధారణముగా చిత్రములనే ప్రశంసింతుము. కాని కంటికి ఎదుటనున్నది మాత్రమే కనిపించును. చెవికి వెనుకనున్నదియు వినిపించును. అట్టి ధ్వనిని ఆటలలో కూర్చు విధానమును ఈ వ్యాసమున సంగ్రహముగా వివరింపదలచితిమి.

ఆటలలోని ధ్వనులు రెండు విధములు. మొదటిది స్థానరహిత ధ్వని. నేపథ్య సంగీతము, కథకుని వ్యాఖ్యానము ఈ కోవకు చెందినవి. ఆటగాడు ఎటు తిరిగినను ఇవి మారవు. రెండవది స్థానసహిత ధ్వని. శత్రువు అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమనుట వంటివి ఆటలోని ఒక స్థలమునకు కట్టుబడి యుండును.

మనము దిక్కును గుర్తించుట ఎట్లు? కుడివైపు పుట్టిన శబ్దము కుడి చెవికి ముందుగా చేరును. ఎడమ చెవికి చేరుటలో జరుగు ఆలస్యము సెకనులో వెయ్యవ వంతుకైనను మించదు. పైగా తల అడ్డుపడుటచే హెచ్చు శ్రుతి గల శబ్దములు ఆ చెవికి మందగించును. ఈ రెండు ఆధారములను లార్డ్ రేలీ 1907లో వివరించెను. ఇక ఆరుబయట దూరము రెట్టింపైన కొలది శబ్దము సుమారు 6 డెసిబెల్లులు తగ్గును. కంప్యూటరు ఈ సూత్రములను అనుసరించియే రెండు చెవులకు శబ్దమును పంచును.

అయితే స్థానసహిత ధ్వని అన్ని వేళల సహజముగా నుండదు. మసీదు నుండి వచ్చు అజాన్ దూరమున నున్నవారికి ఒక దిక్కున వినిపించును. ప్రాంగణములో నిలిచినవారిని అదియే నలుదెసల ఆవరించును. ఆటలోని జలపాతమును ఒకే బిందువున నిలిపినచో, దాని చెంతకు పోయిన ఆటగాడు కొంచెము తిరుగగనే హోరంతయు ఒక చెవి నుండి మరియొక చెవికి దుమికినట్లుండును. అందుచే రెండు విధములను మిశ్రమము చేయుదురు. యూనిటీ అను సాధనములో దీనికి స్పేషియల్ బ్లెండ్ అను కొలత గలదు. 0 అనగా పూర్తిగా స్థానరహితము. 1 అనగా పూర్తిగా స్థానసహితము. దూరమున 1గా నుంచి, సమీపించిన కొలది తగ్గించినచో జలపాతము సహజముగా ఆటగానిని చుట్టుకొనును.

ఇది కేవలము అలంకారము కాదు. ముఖ్యమైన సంభాషణను పూర్తిగా స్థానసహితము చేసినచో, దూరముగా జరిగిన ఆటగానికి మాట అందదు. ఒక చెవి మాత్రమే వినిపించువారికి రెండవ వైపు హెచ్చరిక చేరకపోవచ్చును. వారికై రెండు వైపుల శబ్దమును ఒకటిగా కలుపు సదుపాయముండవలెను. చూపు లేనివారికి దిక్కును తెలుపు శబ్దమే దారి. 2020లో వెలువడిన ది లాస్ట్ ఆఫ్ అస్ రెండవ భాగములో అట్టివారికై ప్రత్యేక శబ్ద సంకేతములు కూర్చబడినవి.

కావున ఈ విద్యను అభ్యసింపగోరు విద్యార్థులకు మేము సూచించున దొక్కటే. ప్రతి ధ్వనికిని ముందుగా ఒక ప్రశ్న వేసికొనవలెను: దీని వలన ఆటగానికి తెలియవలసినది తావా, మాటా? కొలత ఆ సమాధానమును బట్టి నిర్ణయము కావలెను.