చెన్నైలో పోయిన ప్రాణం ఎవరి లెక్కలో?

నెల్లూరు దగ్గర హైవే మీద లారీ గుద్దిన మనిషిని ముందు ఊళ్లో ఆసుపత్రికి తెస్తారు. తలకు గట్టి దెబ్బైతే బంధువులు అంబులెన్సులో చెన్నైకి తీసుకుపోతారు. దాదాపు 175 కిలోమీటర్ల దారి. అక్కడ పన్నెండో రోజు ప్రాణం పోతే, ఆ కబురు ఆసుపత్రి నుంచి మన పోలీసు స్టేషన్‌కు రావాలి. గాయాల కేసును మరణం కేసుగా సెక్షన్ మార్చాలి, రైటర్ రికార్డు దిద్దాలి. అప్పుడే ఆ మనిషి దేశపు మృతుల లెక్కకెక్కుతాడు. అదీ 30 రోజుల లోపు పోతేనే. 31వ రోజు పోతే అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం అతను క్షతగాత్రుడే. ఇంట్లోవాళ్లకు ఆ ఒక్కరోజుతో తేడా ఏముంది?

ఈ గడువు అన్ని దేశాల్లో మొదటినుంచీ ఒకటి కాదు. 24 గంటల్లో పోయినవాళ్లనే లెక్కించే పద్ధతిని స్పెయిన్ 1993లో మార్చుకుంది. ఇటలీ 7 రోజుల లెక్కను 1999లో, ఫ్రాన్స్ 6 రోజుల లెక్కను 2005లో వదిలేశాయి. జపాన్ పోలీసులు 30 రోజుల లెక్కతో పాటు 24 గంటల లెక్కనూ ఇప్పటికీ ప్రకటిస్తారు. స్వీడన్ అయితే, ఆత్మహత్యలని తేలినవాటిని 2010 నుంచి రోడ్డు మృతుల్లో కలపడం లేదు. పోలీసుల రిపోర్టునూ ఆసుపత్రుల రిపోర్టునూ ఒకేచోట చేర్చే ‘స్ట్రాడా’ కూడా ఆ దేశానిదే. సైకిల్ మీంచి జారిపడి, స్టేషన్ గడప తొక్కకుండా కట్టు కట్టించుకుని వెళ్లినవాడు కూడా అందులో దొరుకుతాడు. ఈ జాబితా మొత్తంలో నేను మెచ్చేది దాన్నే.

మన దగ్గర 2022 సంవత్సరానికి రెండు లెక్కలున్నాయి. కేంద్ర రవాణా శాఖ నివేదికలో ప్రమాదాలు 4,61,312, మరణాలు 1,68,491. జాతీయ నేర గణాంకాల సంస్థ పుస్తకంలో ప్రమాదాలు 4,46,768, మరణాలు 1,71,100. రెండింటికీ మూలం పోలీసు రికార్డులే. అయినా ప్రమాదాలు ఎక్కువున్న పుస్తకంలో మరణాలు తక్కువ! మధ్యలో జారిపోయినవి 2,609 ప్రాణాలు. ఇక 2021కి మన ప్రభుత్వం చెప్పింది 1,53,972 మరణాలైతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా 2 లక్షలు దాటింది.

మోటారు బండి కింద పడి పోయినవాళ్లలో తొలి పేరుగా ఎక్కువమంది చెప్పేది మేరీ వార్డ్‌ది. ఐర్లండ్‌కు చెందిన సూక్ష్మదర్శిని నిపుణురాలు. 1869 ఆగస్టు 31న బంధువులు తయారుచేసిన ఆవిరి బండి మీంచి పడి, చక్రం కింద నలిగిపోయింది. 1896 ఆగస్టు 17న లండన్‌లో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ పెట్రోలు కారు గుద్ది చనిపోయింది. ఇద్దరి మరణాల మీదా విచారణ జరిగి కాగితం మీదికెక్కింది కాబట్టే ఇన్నేళ్ల తర్వాతా మనకు తెలిశారు. మన శవ పంచనామా చేసే పనీ అదే. బ్రిటన్ పోలీసులు 1949 నుంచీ ఒకే నమూనా పత్రం నింపుతున్నారు. వెలుతురు, వాన, తడి రోడ్డు, అన్నిటికీ అందులో గళ్లున్నాయి. అమెరికా మరణ ప్రమాదాల రిజిస్టరు 1975లో మొదలైంది.

మన దగ్గర రోడ్డు ప్రమాదాలు నమోదు చేసే ‘ఐరాడ్’ యాప్‌ను ఐఐటీ మద్రాస్, ఎన్ఐసీ కలిసి తయారుచేశాయి. కానిస్టేబుల్ ఘటనాస్థలంలో నిలబడి ఫోటో తీస్తే చోటు కూడా నమోదవుతుంది. మన తీరానికి దీని అవసరం ఎంతో ఉంది. హైవే మీదైతే కిలోమీటరు రాయి చూసి రాసుకోవచ్చు. మైపాడు వైపో, రొయ్యల గుంతల మధ్యో మేత బస్తాల ఆటో బోల్తా పడితే, ‘ఫలానావారి గుంత దగ్గర, వేపచెట్టుకు తూర్పున’ అని రాయాలి. అదే మలుపులో మళ్లీ ప్రమాదం జరిగితే, ఇంకొకరు దాన్నే కాలవ వంతెన దగ్గరని రాస్తారు. రెండూ ఒకే చోటని ఎవరికి తెలుస్తుంది?

పైగా 2022 ఏప్రిల్ 4న గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లాయి, కందుకూరు నెల్లూరులో కలిసింది. హైవే అదే, లారీలు అవే, జిల్లా పేరున్న గడి మాత్రం మారింది. ఆ ఏడాదికి ముందూ వెనకా అంకెలు చూసి నెల్లూరులో ప్రమాదాలు తగ్గాయనో పెరిగాయనో అంటే నమ్మొద్దు.

కేంద్రం 2015లో పెట్టిన నిబంధన ప్రకారం, 500 మీటర్ల లోపల మూడేళ్లలో మరణమో తీవ్ర గాయమో జరిగిన ప్రమాదాలు 5 ఉన్నా, మొత్తం 10 మంది చనిపోయినా అది బ్లాక్ స్పాట్. ఆ లెక్క జాతీయ రహదారులకు. చోటు గుర్తించే యాప్ చేతిలో ఉన్నప్పుడు, తీరం రోడ్లకూ ఇదే కొలత పెట్టి ఆ పటాన్ని కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందుంచాలి.